నాలుగు వాటాల పుస్తకం

లైబ్రరీ మేడమ్ బల్ల మీద పుస్తకాలు పరిచినప్పుడు తక్కెడ వాటి పేర్లు చూడలేదు, మందం చూసింది. ఎనిమిది పుస్తకాలు, ఎనిమిది గ్రూపులు, గ్రూపుకి నలుగురు, పదమూడు రోజుల గడువు. పదో తరగతికి ఆ ఏడు కొత్తగా పెట్టిన పని అది. కథల పుస్తకం కుదరదు. ఏదో ఒక విషయం మీద గట్టిగా వాదించే పుస్తకం చదవాలి. రాసినాయన ఏమంటున్నాడు, ఏం సాక్ష్యం చూపిస్తున్నాడు, ఆయన్ని కాదనేవాళ్ళు ఏమంటారు, అంతా విన్నాక మీరేమంటారు, ఇవన్నీ రెండో శనివారం పొద్దున తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్పాలి.

తక్కెడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. వాళ్ళ నాన్నది బజారులో సంచుల కొట్టు: సూట్‌కేసులు, స్కూలు బ్యాగులు, ప్రయాణపు సంచులు. పెన్సిలు ఇచ్చి, అది తిరిగొచ్చేదాకా ఎదుటివాళ్ళ స్కేలు దగ్గర పెట్టుకునే పిల్ల అని ఆరో తరగతిలో ఎవరో పెట్టిన పేరు అలా అతుక్కుపోయింది. దానికి ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు. తూకం తెలిసినవాళ్ళని చూసి తెలియనివాళ్ళు నవ్వుతారు, నవ్వనీ అనుకునేది.

ఎవరు ముందు ఏరుకోవాలో వేసిన చీటీల్లో తక్కెడ గ్రూపు ఆఖరున వచ్చింది. అప్పటికి సన్నవన్నీ ముందువాళ్ళు ఏరుకుపోయారు. మిగిలింది ఒకటే, రెండువందల నలభై పేజీలది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, వీపు పగిలి దారాలు వేలాడుతున్నాయి. మొదటి పేజీ మీద ‘బేరమాడే లోకం’ అని ఉంది.

“ఏడు గ్రూపులు తినేసి వదిలేసిన విస్తరి ఇది” అన్నాడు ర్యాంకరు. వాడికి అన్నింట్లో మొదటి ర్యాంకు. గ్రూపు పని అంటేనే తన మార్కులు పదిమందికి పంచిపెట్టడం అని వాడి బాధ.

“మందంగా ఉంటే మంచిదేరా, చెప్పడానికి బోలెడు ఉంటుంది” అన్నాడు మైకు. వాడికి చెప్పడానికి చదవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

నాలుగో మనిషి గుసగుస. ఆ అమ్మాయి ఏదో అంది. ఏమందో ఎవరికీ వినబడలేదు, కాబట్టి ఒప్పుకుందనే లెక్క వేసుకున్నారు.

తక్కెడ కళ్ళు మాత్రం ఆ వేలాడే దారాల మీదే ఉన్నాయి. పుస్తకం ఒక్కటి, చదివేవాళ్ళు నలుగురు. వంతులవారీగా ఇంటికి పట్టుకుపోతే తలా మూడు రోజులు. ఒక్కడు రెండు రోజులు ఆలస్యం చేస్తే ఆఖరివాడికి మిగిలేది అట్ట. ఆ అట్ట కూడా లేదు.

“మేడమ్, దీన్ని ఎలాగూ బైండింగుకి పంపుతారు కదా?”

“పంపాలి. ఏడాదిగా అనుకుంటున్నా.”

“మేం పట్టుకెళ్తాం. శనివారానికి కొత్త అట్టతో తెచ్చిస్తాం.”

మేడమ్ కళ్ళజోడు మీదుగా చూసింది. “అడగకుండా పని చేస్తానంటున్నావంటే నీకందులో ఏదో మిగులుతోంది.”

“పుణ్యం మిగులుతుంది మేడమ్.”

బైండింగు తాత గది మెట్ల కింద ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే పెద్దవాళ్ళు వంగాలి. జిగురు వాసన, గోడవారగా అట్టల దొంతరలు, మూలన ఇనుప ప్రెస్సు. తాత పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో వీపు నొక్కాడు.

“పాత కుట్టు మొత్తం విప్పాలి. మళ్ళీ కుట్టాలి.”

“విప్పాక ఎన్నాళ్ళు ఊరికే పడుంటుంది తాతా?”

“నా చేతిలో పని తెమలాలి కదా. వారం, పది రోజులు.”

“ఇక్కడ పడుండే బదులు మా ఇళ్ళల్లో పడుంటుంది. నాలుగు భాగాలు చేసి మాకివ్వండి. వచ్చే శుక్రవారం తెచ్చిస్తాం, మీరు ఆ సాయంత్రమే కుట్టేయండి. మీకు గదిలో చోటు కలిసొస్తుంది.”

తాతకి యాభై ఏళ్ళుగా పుస్తకాలు కుట్టించుకునేవాళ్ళు తెలుసు గానీ విప్పించుకునేవాళ్ళు కొత్త. “నాలుగు సమానంగా రావమ్మాయ్. పదహారు పేజీలకో ఫారం. మొత్తం పదిహేను ఫారాలు. మూడు భాగాలకి నాలుగేసి, ఒకదానికి మూడు. ఇంకో మాట. నేను దారం ఉన్నచోట విప్పుతా. అధ్యాయం ఎక్కడ ఆగుతుందో దారానికి తెలీదు.”

ఆ ఆఖరి మాట ఎంత విలువైనదో ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. నలుగురూ మూడు ఫారాల వాటా ఎవరిదన్న గొడవలో పడ్డారు. “నాకు గొంతు నొప్పి” అని మైకు దాన్ని కొట్టేశాడు. చదవడానికి గొంతెందుకని గుసగుస అడిగింది గానీ, అది ఆమె పక్కనున్న అట్టలకే వినిపించింది. మొదటి వాటా ర్యాంకరుకి, రెండోది తక్కెడకి, మూడోది గుసగుసకి వచ్చాయి. తాత ఒక్కోదానికి గోధుమరంగు కాగితం చుట్టి ఇచ్చాడు.

బయటికొచ్చాక తక్కెడ ఒక షరతు పెట్టింది. “వచ్చే గురువారం దాకా ఎవరి వాటా గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఒకడు చెప్పింది విని ఇంకొకడు చదవడం మానేస్తాడు.” ఇలా అంటూ మైకు వైపు చూసింది. మైకు వెనక్కి తిరిగి, తన వెనక ఎవరున్నారా అని చూశాడు.

*

సాయంత్రాలు తక్కెడ కొట్లోనే కూర్చుంటుంది. పైన కొక్కేలకి బ్యాగులు, కింద సూట్‌కేసులు పెద్దదాంట్లో చిన్నది, దాంట్లో ఇంకా చిన్నది. వెనకగా కుట్టు మిషను దగ్గర అమ్మ. జిప్పులు మార్చడం, తెగిన పట్టీలు కుట్టడం అమ్మ పని. అమ్మడం నాన్న పని. మాట మీద బతికేవాడికి దారం మీద బతికేవాళ్ళు ఆధారం అని అమ్మ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటుంది.

ఆరు నెలల కిందట ఎదురుగా కొత్త సంచుల దుకాణం వచ్చింది. అద్దాల తలుపులు, చల్లటి గాలి, ప్రతి బ్యాగుకీ ధర రాసిన చీటీ, గుమ్మం మీద ‘ఒకే ధర’ అని బోర్డు. నాన్న ఆ బోర్డుని రోజుకి వందసార్లు చూస్తాడు, చూడనట్టు ఉంటాడు. అడిగితే “అక్కడ బ్యాగు కొనొచ్చు, మాట దొరకదు” అంటాడు. అయినా ఆ మధ్య ఒకరోజు చీటీల కట్ట కొనుక్కొచ్చి సొరుగులో పడేశాడు. అది తక్కెడ చూసింది.

అందుకే తన వాటా విప్పి అరవై అయిదో పేజీ చదవగానే ఆమె ఎగిరి గంతేసింది.

“నాన్నా, ఇది విను! ‘నేను బేరం పక్షాన మాట్లాడుతున్నాను. బేరమాడేటప్పుడు ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చీటీ మీది అంకె ఎవరి ముఖమూ చూడదు.’”

నాన్న జిప్పుకి కొవ్వొత్తి రాస్తున్నాడు. చెయ్యి ఆగిపోయింది. “మళ్ళీ చదువమ్మడూ.”

మళ్ళీ చదివింది.

“ఇంకోసారి.”

“ఎన్నిసార్లు చదివినా అవే ముక్కలుంటాయండీ” అంది అమ్మ మిషను ఆపకుండా.

“రాసినాయన పెద్ద చదువు చదివినాయనా?”

“పేరు కింద మూడు డిగ్రీలున్నాయని ర్యాంకరు చెప్పాడు.”

“మూడా!” నాన్న ఎదుటి దుకాణం అద్దాల వైపు చూశాడు. ఆ చూపులో ఆరు నెలల వడ్డీ ఉంది.

ఆ తర్వాత పది రోజులూ రోజుకి ఆరు పేజీల చొప్పున పారాయణం సాగింది. బేరం అంటే ఎదుటివాడి అవసరాన్ని అడిగి తెలుసుకోవడమని, ఉన్నవాడి దగ్గర కాస్త ఎక్కువ, లేనివాడి దగ్గర కాస్త తక్కువ తీసుకునే వీలు బేరంలోనే ఉందని, బేరం రానివాడు రేపు జీతం అడగడానికి కూడా తడబడతాడని పుస్తకం చెప్పింది. ప్రతి ముక్కకీ నాన్న తొడ మీద చరుచుకున్నాడు. పక్క కొట్టు చెప్పులాయనకి చెప్పాడు, మూల మీది గడియారాలాయనకి చెప్పాడు. ఎదుటి దుకాణానికి పోబోయే ఓ పెద్దమనిషిని ఆపి మరీ చెప్పాడు. ఆయన అంతా ఓపిగ్గా విని, ఎదుటి దుకాణానికి వెళ్ళాడు.

“శనివారం పొద్దున కొట్టు కట్టేస్తున్నా” అని బుధవారం ప్రకటించాడు నాన్న. “మా అమ్మాయి సభలో చెబుతుంటే నేను గల్లా దగ్గర కూర్చోనా? చెప్పులాయన, గడియారాలాయన కూడా వస్తామన్నారు.”

అమ్మ మిషను ఆగింది. పెళ్ళి రోజున కూడా మధ్యాహ్నం దాకా కొట్టు తీసిన మనిషి ఆయన. మా వాళ్ళు ఆ మాట ఇప్పటికీ అంటారు అని చెప్పబోయి, కూతురి ముఖం చూసి ఊరుకుంది.

*

గురువారం బడి వదిలాక నలుగురూ చదువుకునే గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర చేరారు. ర్యాంకరు నాలుగు రంగుల పెన్నులతో రాసుకొచ్చాడు.

“రచయిత వాదన ఒక్క ముక్కలో: బేరం పాత కాలపు జాడ్యం. మనిషిని బట్టి ధర మారడం అన్యాయం.”

తక్కెడ నవ్వింది. “నీ వాటా తలకిందులుగా పట్టుకుని చదివావేంట్రా?”

“నువ్వు మీ కొట్లో కూర్చుని చదివావేమో, అక్షరాలు బేరమాడుకుని మారిపోయాయి.”

“అరవై నాలుగు పేజీల్లో ఆయన బేరాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించాడు. కావాలంటే చూడు!”

“నా అరవై నాలుగు పేజీల్లో కాళ్ళ కింద వేసి తొక్కాడు. నువ్వూ చూడు!”

“ఇద్దరూ కరెక్టే” అన్నాడు మైకు ఉదారంగా. “నా వాటాలో ఆయన ధర చీటీల సైజు గురించి చెప్పాడు.”

“ఎన్ని పేజీలు చదివావు?”

“ముఖ్యమైనవి.”

గుసగుస బల్ల మీద వేలితో తట్టింది. ముగ్గురూ వంగి చెవులు దగ్గర పెట్టారు. “నా వాటాలో ఆయన, ‘బేరం తరఫున చెప్పగలిగిందంతా చెప్పాను, ఇక జవాబు’ అని మొదలుపెట్టాడు.”

తక్కెడ మొదటి రెండు వాటాల కాగితాలూ లాక్కుని పక్కపక్కన పెట్టింది. ఆమె వాటా అధ్యాయం మధ్యలో మొదలవుతోంది. మరి మొదలు ఏది? ర్యాంకరు వాటాలో ఆఖరి రెండు పేజీలు నలగకుండా కొత్తగా ఉన్నాయి. వాటి తలమీద ఐదో అధ్యాయం అని ఉంది.

“ఇవి చదవలేదా నువ్వు?”

“అది ఐదో అధ్యాయం. ఐదు నుంచి నీ వాటా. నువ్వు చదువుతావనుకున్నా.”

“నా దగ్గర లేని కాగితాలు నేనెట్లా చదువుతాను?”

“నా దగ్గరున్నంత మాత్రాన నావెట్లా అవుతాయి?”

రెండు పొలాల మధ్య గట్టు ఎవరూ దున్నరు. కలుపంతా అక్కడే మొలుస్తుంది. ఆ పేజీల్లో రచయిత తాపీగా రాసుకున్నాడు: ‘ఇంతసేపూ నా మాట విన్నారు. ఎదుటివాడి మాట వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. వచ్చే మూడు అధ్యాయాలూ అతని నోటితోనే, అతనికంటే బాగా మాట్లాడతాను.’

తక్కెడకి నాన్న తొడ మీద చరుచుకున్న చప్పుళ్ళన్నీ వరసగా వినిపించాయి. నాన్న కొట్టు కట్టేసుకుని వస్తున్నాడు. వెంట ఇద్దరు సాక్షులని తెస్తున్నాడు. బజారంతా చాటిన మాట, కూతురి నోటి మీద నమ్మకంతో చాటిన మాట, ఎల్లుండి ఆ కూతురే లేచి అబద్ధమని చెప్పాలి.

“ఈ రెండు పేజీలూ బైండింగులో పోయాయనుకుందాం” అంది.

“పేజీలు పోతే మార్కులూ పోతాయి” అన్నాడు ర్యాంకరు.

“సరే, మొత్తం పుస్తకం వద్దు. నా వాటా ఒక్కటే బాగా వివరంగా...”

“తక్కెడా, బేరాలొద్దు. చివర్న మనమేమంటామో కూడా చెప్పాలి. పుస్తకం బయటి సాక్ష్యం ఒకటుంటే మేడమ్ ఎక్కువ మార్కులేస్తుంది. ఎవరి దగ్గరైనా ఉందా?”

గుసగుస మళ్ళీ బల్ల తట్టింది. తన బ్యాగు ఎత్తి బల్ల మీద పెట్టింది. పక్కనే మైకు బ్యాగు పెట్టింది. రెండూ నీలంవే, రెండింటికీ మూడు అరలే.

“బడి తెరిచిన వారంలో కొన్నాం. ఇద్దరం మీ కొట్లోనే.”

“అవును!” అన్నాడు మైకు. “నేను అరగంట బేరమాడా. మీ నాన్న చెప్పినదాంట్లో మూడోవంతు కోసేశా.”

“నువ్వెంతకి తీసుకున్నావు?” అని గుసగుసని అడిగింది తక్కెడ.

“మీ నాన్న చెప్పినంతకి.”

మొదట చెప్పే ధర ఇవ్వడానికి కాదు, మొదలుపెట్టడానికి. ఆ సంగతి తక్కెడకి నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. దాన్నే నిజమనుకుని డబ్బు తీసి ఇచ్చేవాళ్ళు కూడా గుమ్మం ఎక్కుతారని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

“అడగకపోయావా?”

“అడిగాను” అంది గుసగుస. “ఆయనకి వినబడలేదు.”

*

శుక్రవారం మధ్యాహ్నం బడికి సగం రోజు సెలవు. నలుగురి వాటాలూ బైండింగు తాతకి అప్పగించి తక్కెడ కొట్టుకి వెళ్ళింది. గిరాకీ లేని వేళ అది. నాన్న కొత్త బ్యాగుల్లో పాత కాగితాలు కూరి వాటికి పొట్టలు తెప్పిస్తున్నాడు.

“నాన్నా, ఆ పుస్తకం మనవైపు కాదు.”

మొత్తం చెప్పింది: గట్టు మీద మిగిలిపోయిన రెండు పేజీలు, మూడో వాటాలోని జవాబు, నాలుగో వాటాలోని చీటీలు. నాన్న కాగితాలు కూరుతూనే ఉన్నాడు. ఆ బ్యాగు పొట్ట పగిలేట్టు ఉంది.

“అంటే నువ్వు తప్పు చదివావా?”

“చదివింది సరిగ్గానే చదివాను నాన్నా. మొదలుపెట్టిన చోటే తప్పు.”

“నీ వాటాలో మన గురించి అంత కమ్మగా రాసింది ఎవరు? ఆయనేనా, ఇంకొకరితో రాయించాడా?”

“ఆయనే.”

“జవాబు చెప్పేటప్పుడు ఏమైనా ఒప్పుకున్నాడా?”

“ముఖం చూసుకునే మాట నిజమేనన్నాడు. పాత ఖాతాదార్లకి బేరం మేలేనన్నాడు. అయినా సరే అని...”

నాన్న ఒక్కసారిగా నవ్వాడు. మిషను దగ్గర అమ్మ ఉలిక్కిపడింది. “చూశావటే! ఎదుటి కొట్టు పెట్టెని ముందు తనే పొగిడాడు. రంగు బాగుందన్నాడు, తాళం గట్టిదన్నాడు. కొనేవాడి మనసు మెత్తబడ్డాక మెల్లిగా చక్రం తిప్పి, ఇదిగో ఊగుతోంది చూడండి అన్నాడు. రోజూ నేను చేసే పని ఇదేగా! బేరం వద్దని చెప్పడానికి రెండువందల నలభై పేజీలు బేరమాడాడమ్మడూ ఆయన.”

“నీకు కోపం రాలేదా?”

“మంచి పనివాడి మీద కోపమేంటి? చెప్పులాయనకి నేను సర్దిచెబుతాలే. రేపు వచ్చి తీరతాం.”

బ్యాగుల సంగతి తక్కెడ నాలుక చివరిదాకా వచ్చింది. నాన్న ఇంకా నవ్వుతున్నాడు. ఆరు నెలల్లో అంత హాయిగా నవ్వింది ఇదే. ఆ నవ్వుని చూస్తూ ఆమె ఆ మాటని మింగేసింది.

*

శనివారం పొద్దున హాలు గుమ్మం దగ్గర తక్కెడ గుసగుసని పక్కకి పిలిచింది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న ఎత్తులు చాలా ఉన్నాయి. ముందు కాదంటుంది, అప్పుడు ఇలా అనాలి. అయినా కాదంటే సైన్సు రికార్డులో బొమ్మలు వేసిపెడతాననాలి.

“నువ్వు ఆ బ్యాగుల సంగతి ఈరోజు చెప్పకుండా ఉంటావా? మా నాన్న వస్తున్నాడు.”

“సరే” అంది గుసగుస. వెంటనే తన కాగితంలో ఆ నాలుగు లైన్లు కొట్టేసింది.

అంతే. మొదటి మాటకే ఇచ్చేసింది.

తక్కెడ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. మామూలుగా అయితే ఇంత చవగ్గా పని అయినందుకు ఆ రోజంతా ఈల వేసుకునేది. ఇప్పుడు కుర్చీలో ఏదో గుచ్చుకున్నట్టు అటూ ఇటూ కదిలింది. నోరులేని పిల్ల దగ్గర నాన్న ఒకసారి అడిగినంతా తీసుకున్నాడు. ఆయనకి తెలియక తీసుకున్నాడు. తను తెలిసి తీసుకుంది. ఎలా తిప్పి తూచినా ముల్లు అటే మొగ్గింది.

లేచి వెనక్కి వెళ్ళింది. “కొట్టేసినవి మళ్ళీ రాయి. చెప్పు.”

“మీ నాన్న...”

“మా నాన్న సంగతి నేను చూసుకుంటా. కొట్టు పేరు చెప్పకు, అంతే.”

“సరే” అంది గుసగుస. దేనికైనా అదే మాట.

మూడో వరసలో నాన్న, అమ్మ, చెప్పులాయన, గడియారాలాయన కూర్చున్నారు. “మధ్యలో మనల్ని బాగా పొగుడుతాడు, తర్వాత తిడతాడు, కంగారుపడకండి” అని నాన్న ఇద్దరికీ ముందే చెప్పి ఉంచాడు. ర్యాంకరు మొదలుపెట్టి, రెండు పేజీలు ఎలా చదవకుండా పోయాయో కూడా నిజాయితీగా చెప్పాడు, తప్పు ఇద్దరిదీ అని చెప్పి తక్కెడ వైపు చూశాడు. తక్కెడ తన వాటా ఎంత బాగా చెప్పిందంటే, అది ఎదుటిపక్షం మాట అని తెలిసి కూడా చెప్పులాయన చప్పట్లు కొట్టేశాడు.

తర్వాత గుసగుస లేచింది. పెదవులు కదిలాయి. మొదటి వరస ముందుకి వంగింది, రెండో వరస మొదటి వరసని చూసి వంగింది.

“అమ్మా, ఇటు ఏం వినబడట్లేదమ్మా!” అన్నాడు నాన్న మూడో వరసలోంచి.

గుసగుస ఆయన వైపే చూసింది. ఊపిరి పీల్చుకుంది. రెండు నీలం బ్యాగులూ బల్ల మీద పెట్టింది.

“ఈ రెండూ ఒక్కటే” అంది. ఈసారి హాలు చివరిదాకా వినిపించింది. “ఒకే కొట్లో, ఒకే వారంలో కొన్నాం. నేను ఇతనికంటే చాలా ఎక్కువిచ్చాను. నా బ్యాగుకి అర ఎక్కువ లేదు, నాకు నోరు తక్కువ. కొట్టాయన మంచాయనే. నవ్వుతూ మాట్లాడాడు, నీళ్ళు తాగుతావా అని కూడా అడిగాడు. మా నాన్న వారం ఓవర్‌టైం చేసిన డబ్బు అది. కొట్టాయనకది తెలీదు. అడిగి తెలుసుకోవడమే బేరం అని పుస్తకంలో ఉంది. నన్నెవరూ అడగలేదు.”

తన సరుకుని నాన్న ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాడు. అమ్మ కుట్టిన పట్టీ కుట్టు ఇంకా బాగా గుర్తుపడతాడు. అమ్మ మెడ తిప్పి ఆయన్ని చూసింది.

“ఎవడమ్మా వాడు, ఏ కొట్టు?” అన్నాడు చెప్పులాయన ఆవేశంగా. గడియారాలాయన ఆయన కాలు తొక్కాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. “నాదే” అన్నాడు.

“ప్రశ్నలు, జవాబులు చివర్లో అండీ” అంది మేడమ్.

నాన్న కూర్చున్నాడు. ఆ తర్వాత మైకు ఏం చెప్పాడో తక్కెడకి తెలియదు. చాలాసేపు చెప్పాడు.

అంతా అయ్యాక మేడమ్ మార్కుల కాగితం ఇచ్చింది. గ్రూపు మొత్తానికి యాభైకి నలభై ఆరు. చదవకుండా వదిలేసిన రెండు పేజీలకి రెండు మార్కులు, మైకు చదివిన ‘ముఖ్యమైన’ పేజీలకి రెండు మార్కులు పోయాయి.

“పేజీకో మార్కా మేడమ్? రెండింటికీ కలిపి ఒకటి వేసుకోండి” అంది తక్కెడ.

“ఇక్కడ ఒకే ధర” అంది మేడమ్.

వసారాలో నాన్న స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. తక్కెడ దగ్గరికెళ్ళింది. “నాకు గురువారమే తెలుసు నాన్నా. చెప్పలేదు.”

“నేను నవ్వుతున్నాననా?”

తల ఊపింది.

“నవ్వేవాడి దగ్గర నష్టం దాస్తే అది తగ్గదమ్మడూ” అన్నాడు. తిట్టు అంతకంటే పొడుగు లేదు. తర్వాత గుసగుస దగ్గరికి నడిచాడు. అన్నేళ్ళుగా మాటలమ్మిన మనిషికి మాట దొరకడానికి టైము పట్టింది.

“అమ్మా, ఆ రోజు నువ్వు అడిగావట. నాకు వినబడలేదు. సాయంత్రం కొట్టుకి రా. పెన్సిళ్ళ పౌచీ ఒకటి, మంచిది, తీసుకుందువుగాని.”

“వద్దండీ” అంది గుసగుస, మళ్ళీ పాత గొంతుతో.

అమ్మ ముందుకొచ్చింది. “వద్దు అనేది ఆఖరి మాటమ్మా, మొదటే అనేస్తే ఎలా? ఆయనంతట ఆయనే కిందికి దిగొచ్చాడు. ఇంకేదైనా అడుగు.”

గుసగుస నేల చూసింది, అమ్మని చూసింది, తక్కెడని చూసింది. తక్కెడ రెండు వేళ్ళు చూపించింది.

“రెండు” అంది గుసగుస.

“వినబడలేదు?”

“రెండు. ఒకటి మా చెల్లికి.”

నాన్నకి పాతికేళ్ళ అలవాటు. పశ్చాత్తాపం ఎంత ఉన్నా నాలుక దాని దారిన అది పోయింది. “రెండంటే గిట్టదమ్మా. ఒకటి తీసుకో, దాంతోపాటు తాళంచెవుల గొలుసు...”

అమ్మ నుదురు కొట్టుకుంది. గుసగుస ఒక్క క్షణం ఆగింది. “సరేనండీ, వస్తాను” అంది. నీలం బ్యాగు భుజానికి తగిలించుకుని గేటు వైపు నడిచింది. సిగ్గుపడి వెళ్ళిపోయిందో, బేరంలో ఎప్పుడు వెనక్కి తిరగాలో అప్పటికప్పుడు పట్టేసిందో తక్కెడకి తేలలేదు. ఒక అడుగు, రెండు, మూడు.

“ఆగమ్మా, ఆగు!” నాన్న వెనకాలే పరుగెత్తాడు. “రెండు తీసుకో తల్లీ, రెండు!”